విడిదియింటి వంతు

నేడు మన పట్టణములలో నొక క్రొత్త సరకు విక్రయమునకు వచ్చియున్నది. అది భూమి కాదు, ఇల్లు కాదు, బంగారము కాదు. సముద్రపుటొడ్డుననో కొండమీదనో యున్న యొక విడిదిలో ఏడాదికి ఏడు దినములు బస చేయు హక్కు మాత్రమే. ఆ హక్కును పది సంవత్సరములకో, పాతిక సంవత్సరములకో ముందుగానే వెలయిచ్చి కొనవలెను. మొదట దీనికి టైంషేరు అని పేరు. ఆ పేరు కొంత చెడిన పిమ్మట అమ్మువారు దానిని విడిచి వెకేషన్ ఓనర్‌షిప్ అను క్రొత్త పేరు తగిలించిరి. తెలుగున జెప్పవలెనన్న, విడిదియింటిలో వంతు.

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె పట్టణములలోని వర్తకులును, ఉద్యోగులును, మామిడితోటలు గల రైతులును ఇట్టి పిలుపుల నెరుగనివారు కారు. చీటీలో మీ పేరు వచ్చినది, దంపతులిద్దరును కలిసి ఫలాని హోటలునకు రండు, భోజనము మాది, కానుక మాది యని ఫోనులో పిలుతురు. వెళ్లినవారికి నీలిసముద్రపు చిత్రములు చూపి, రెండు మూడు గంటలసేపు మాటలు చెప్పి, నేడే సంతకము చేసినచో ఇంత తగ్గింపు, రేపైనచో లేదని తొందరపెట్టుదురు. పిల్లల చదువునకని దాచిన సొమ్ము ఆ సాయంకాలమే చేతులు మారిన కుటుంబములు గలవు. ఆ సొమ్ముతో ఏటేటా హాయిగా విహరించి వచ్చుచున్న కుటుంబములును గలవు.

ఈ సరకు మంచిదా చెడ్డదా యని యొక్కమాటలో తీర్పు చెప్పుట మా యుద్దేశము కాదు. ఒకే యాస్తిని పదుగురు కాలమును బట్టి పంచుకొని యనుభవించుట మన సీమకు క్రొత్త కాదు. బావిలో వంతు, దేవుని సేవలో వంతు, కడకు ఉప్పునీటి కయ్యలో వలవేయు వంతు మనవారెరిగినవే. ఆ వంతులు తరతరములు నిలుచుటకు వాని వెనుక నొక కట్టుబాటు గలదు. ఈ క్రొత్త సరకులో ఆ కట్టుబాటు గలదా, లేదా యని విచారించుటయే మా పని.

ఈ వ్యాపారము పుట్టిన విధము

రెండవ ప్రపంచయుద్ధానంతరము యూరపులోని మధ్యతరగతి కుటుంబములకు జీతముతో గూడిన సెలవులు విరివిగా లభింపసాగినవి. సెలవు గలదు గాని, సముద్రతీరమున సొంతయిల్లు కొను శక్తి లేదు. 1963లో స్విట్జర్లాండున హాపిమాగ్ అను సంస్థ యేర్పడి, సభ్యులవద్ద మూలధనము గూర్చి, ఆ సొమ్ముతో విడిదియిండ్లు కొని, సభ్యులకు వంతులవారీగా బస కల్పించెను. ఆ దశకముననే ఫ్రాన్సు దేశపు ఆల్ప్సు పర్వతములలోని యొక మంచుకొండ విడిది, ఏటేటా గదికి అద్దె యిచ్చుటకంటె ఆ గదిలో వంతు కొనుటయే మేలని ప్రచారము చేసెను.

1970 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని ఫ్లారిడా తీరమున కట్టిన యిండ్లు అమ్ముడుపోక నిలిచిపోయినవి. యజమానులు యూరపు పద్ధతిని పట్టుకొనిరి. ఒక యింటిని ఒక్కనికి అమ్మలేనివారు దానిని వారములుగా కోసి యేబదిమందికి అమ్మిరి. ఏడాదికి 52 వారములు. ఒకటి రెండు వారములు మరమ్మతులకు విడిచినను మిగిలినవన్నియు అమ్ముడుపోవు సరకే. 1974లో ఆర్.సి.ఐ. అను సంస్థ పుట్టి, ఒక యూరిలోని వంతును మరియొక యూరిలోని వంతుతో మార్చుకొను వీలు కల్పించెను. దానితో ఈ వ్యాపారము ప్రపంచమంతట వ్యాపించినది.

అచ్చటి కుటుంబములలో దీనివలన నొక చక్కని ఆచారము నిలిచినమాట నిజము. వారము స్థిరముగ నుండెడి విడుదులలో ఒకే కుటుంబము ఏటేటా అదే వారమున అదే గదికి వచ్చును. ప్రక్కగదివారును ప్రతియేడు వారే. పిల్లలు కలిసి ఇసుకలో నాడుకొని, పెద్దవారై, తమ పిల్లలతో మరల వత్తురు. తాత కొన్న వారము మనుమనికి దస్తావేజుతో సంక్రమించును. అయితే ఆ వారముతోపాటు ఏటేటా పెరుగు నిర్వహణ రుసుము కూడ సంక్రమించును. వెళ్లినను వెళ్లకున్నను దానిని చెల్లింపవలెను. అమ్మబోయినచో కొనువాడు లేడు. వారసత్వముగ వచ్చిన వంతును వదలించుకొనుటకు అమెరికాలోను, ఇంగ్లండులోను ఎదురు డబ్బిచ్చిన వారసులు గలరు. కుటుంబాచారముగ మొదలైనది కుటుంబభారముగ మారిన కథ యిది.

మన దేశమున ఈ వ్యాపారము 1986లో స్టెర్లింగ్ సంస్థతో కొడైకానలు కొండమీద కాలూనినది. 1996లో మహీంద్రా వారి సంస్థ వచ్చి మున్నారు మొదలుగా విడుదులు నెలకొల్పెను. రెండును చెన్నపట్టణమున పుట్టినవే. మన దేశమున సాధారణముగ అమ్మునది దస్తావేజుతో గూడిన వారము కాదు, పరిమితకాలపు సభ్యత్వము. ఋతువులకు రంగులు పెట్టి, రద్దీకాలమునకు హెచ్చు వెలయు, రద్దీలేని కాలమునకు తక్కువ వెలయు కట్టుదురు. సభ్యుడు ముందుగ గది కోరుకొనవలెను. ఖాళీ యున్నచో దొరకును, లేనిచో లేదు.

బావి వంతు

మన రైతు పాఠకులకు వంతు యనగా మొదట స్ఫురించునది బావి. ఏరులు ఏడాదిలో నాలుగు దినములైనను పారని ఈ సీమలో తాతలు త్రవ్వించిన బావియే కుటుంబమునకు ప్రాణము. అన్నదమ్ములు వేరుపడునపుడు పొలమును గట్టువేసి పంచుకొనవచ్చును గాని బావిని పంచుకొనలేరు. కావున కాలమును పంచుకొనిరి. కపిల తోలు దినములలో పెద్దవానికి రెండుదినములు, నడిమివానికి రెండుదినములు, చిన్నవానికి రెండుదినములు అని భాగపత్రములలో వ్రాసికొనిరి. కరెంటు మోటారు వచ్చినపిమ్మట దినములు పోయి గంటలు వచ్చినవి.

ఈ వంతులో రెండు విశేషములు గలవు. మొదటిది, వంతుదారుడు బావికి యజమాని కూడ. బావిగట్టుమీది చెట్టులో, బావినేలలో అతనికి పాలు గలదు. రెండవది, వంతుతోపాటు పని గలదు. ఎండకాలమున పూడిక తీయుటకు ప్రతి వంతుదారుడు మనిషిని పంపవలెను, లేదా సొమ్మీయవలెను. గోడ కూలిన అందరును కట్టవలెను. ఆ ఖర్చు ఎంతయో అందరి యెదుటనే తేలును. లెక్క చెప్పువాడు పరాయివాడు కాదు, దాయాదియే. చెరువు క్రింద నైనచో నీరుగంటి యొకడుండి వంతు తప్పకుండ చూచెడివాడు.

ఈ కట్టుబాటు బావులు ఎండిపోయినదాక నిలిచినది. తరువాత ఎవరికి వారే వందలకొలది అడుగుల లోతున బోరు వేసికొనిరి. వంతు పోయినది, దానితో నీరును పోయినది. కలిసి యనుభవించుట కష్టమని విడిపోయిన దాయాదులు నేడు ఎండిన బోర్లకు వేరువేరుగ అప్పులు తీర్చుచున్నారు. వంతు హేయమైనది కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇచ్చినవాని పాలు

ఇక తిరుమల మాట. ముందుగ సొమ్మిచ్చి ఏటేటా ఫలము ననుభవించు పద్ధతిని వెదుకువారికి శ్రీవారి ఆలయ శాసనములకంటె పురాతనమైన చక్కని సాక్ష్యము దొరకదు. ఈ శాసనములను దేవస్థానమువారు 1930 దశకమున సంపుటములుగ ప్రకటించిరి. విజయనగరపు రోజులలో దాత నైవేద్యమునకని ధనమో గ్రామమో సమర్పించినచో, నివేదించిన ప్రసాదములో నాల్గవ పాలు దాతకు చెందెడిది. శాసనములలో దీనికి విట్టవన్ విళుక్కాడు అని తమిళమున పేరు. ఇచ్చినవాని పాలు అని యర్థము. ఆ పాలును దాత తాననుభవింపవచ్చును, ఒరులకు వ్రాసి యీయవచ్చును.

మన పాఠకులు గమనింపవలసినది ఆ ధనమును ఏమిచేసిరి యన్నది. దానిని పెట్టెలో పెట్టి తాళము వేయలేదు, ఆడంబరములకు వెచ్చింపలేదు. దేవుని గ్రామములలో చెరువులును కాలువలును త్రవ్వించిరి. నీరు పారి పంట హెచ్చినది. హెచ్చిన పంటనుండి నైవేద్యము జరిగెను. నైవేద్యమునుండి దాతకు నాల్గవ పాలు వచ్చెను. దాతకు వచ్చు పాలునకు ఆధారము క్రొత్తగా మరియొక దాత యిచ్చు సొమ్ము కాదు, భూమిలో పారు నీరు. గ్రామస్థునికి కాలువ మిగిలెను, దేవునికి నైవేద్యము మిగిలెను.

ఆ పాలును ననేకులు తమ యింటికి తీసికొనిపోలేదు. చంద్రగిరి దుర్గమునేలి, పిమ్మట విజయనగర సింహాసన మెక్కిన సాళువ నరసింహుడు తిరుమల తిరుపతులలో రామానుజకూటములు నెలకొల్పి, కందాడై రామానుజయ్యంగారి యాజమాన్యమున బాటసారులైన వైష్ణవులకు భోజనము పెట్టించెను. దాతలు తమకు చెందిన ప్రసాదపు పాలును ఆ కూటములకు వ్రాసియిచ్చినట్లు శాసనములు చెప్పుచున్నవి. కొన్నవాని హక్కు రానివాని భోజనమాయెను.

సేవలోను వంతులుండెడివి. అర్చకులు మొదలగు మిరాశీదారులు కుటుంబములవారీగ వంతులు పంచుకొని సేవచేసి, దానికి తగిన ఆదాయము ననుభవించిరి. కాలక్రమమున సేవకంటె ఆదాయపు పాలే పెద్దదై వ్యాజ్యములు పెరిగినవి. 1987 నాటి రాష్ట్ర ధర్మాదాయ చట్టము మిరాశీ హక్కులను రద్దుచేసెను. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించెను. ఆదాయపు పాలు పోయిన పిమ్మటను నిలిచినవి ఏవి? వేకువను దివిటీతో ముందు నడచు సన్నిధిగొల్ల నిలిచినాడు. ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలియు, తరిగొండవారి హారతియు నిలిచినవి. తరిగొండ వెంగమాంబ 1730లో పుట్టి 1817లో గతించినది. ఆమె పేరిటి ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. వాటాకొరకు పట్టుబట్టిన సంప్రదాయము కోర్టులో ముగిసినది. పనిగ మిగిలిన సంప్రదాయము రాత్రి రాత్రికి నడచుచున్నది.

దాతల విడుదులు

1944 ఏప్రిల్ 10వ తేదీన మొదటి ఘాటురోడ్డు తెరచువరకు జనులు కాలినడకనో, డోలీలలోనో కొండ నెక్కిరి. మఠములును సత్రములును దిక్కు. రోడ్డు వచ్చినపిమ్మట జనము పెరిగి, విడుదుల కొరత తీవ్రమైనది. అపుడు దేవస్థానము దాతల సొమ్ముతో కాటేజీలు కట్టించు పద్ధతి నవలంబించెను. దాత కట్టడమునకు సొమ్మిచ్చును. కట్టడము దేవస్థానముది. దాతకు ఏటా నిర్ణీత దినములు అందు బస కలదు. మిగిలిన దినములన్నియు యాత్రికులవి.

పైకి చూచిన నిదియు విడిదియింటి వంతే. ముందుగ సొమ్ము, ఏటేటా కొన్ని దినముల బస. దీనిని ఆనవాయితీగ పట్టి, పెండ్లియైన యేటను, బిడ్డకు పుట్టువెండ్రుకలు తీయించునపుడును తాతగారి పేరుగల కాటేజీలోనే దిగవలెనను పట్టుదల గల కుటుంబములు మన జిల్లాలలో గలవు. అట్టి కుటుంబమునకు ఆ గోడమీది పేరు నిజముగ విలువగలది. కాని పేరు హద్దుమీరినచో కొండ విడుదుల సంతవలె కనబడు ప్రమాదమును గలదు. 2024లో దేవస్థానమువారు అతిథిగృహములకు ఆధ్యాత్మిక నామములే యుండవలెనని నిశ్చయించి పలుగృహముల పేర్లు మార్పించిరి. దాతలలో హెచ్చుమంది సమ్మతించిరి. సమ్మతించినవారికి తాము కొన్నది గోడ కాదని తెలిసియున్నట్లే మేము తలంతుము.

వర్తకపు విడిదికిని దీనికిని భేదమిచ్చటనే యున్నది. దాత రాని దినమున ఆ గదిలో ఎవరో కడపనుండియో కోలారునుండియో వచ్చిన పేద యాత్రికుడు పండుకొనును. వర్తకపు విడిదిలో సభ్యుడు రాని దినమున ఆ గది సంస్థ లాభమునకు అద్దెకు పోవచ్చును. సభ్యుని రుసుము మాత్రము తగ్గదు.

తిరుపతికి సముద్రము

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది మొదలు నూటపది సంవత్సరములు దానికి సముద్రము లేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగములతో తిరుపతి జిల్లా యేర్పడినపుడు వాకాడు మండలపు తూపిలిపాలెము తీరమును, సూళ్లూరుపేట ప్రక్కనున్న పులికాటు సరస్సును అందు చేరినవి. ఏడుకొండల యాత్రకు వచ్చినవారిని సముద్రతీరమునకు గూడ రప్పింపవలెనను ఆలోచనలు సహజముగ పుట్టును. యాత్రికుల రద్దీ కొండమీద. ఖాళీ ఇసుక తీరమున. వర్తకునికి ఇంతకంటె ఆకర్షణ లేదు. కావున విడిదియింటి వంతులు మన తీరమున అమ్మజూపు దినము దూరముగ లేదని మేము తలంచుచున్నాము.

ఆ ఇసుక ఖాళీ యని యనుకొనుట పొరబాటు. పులికాటు సరస్సు మన దేశపు ఉప్పునీటి కయ్యలలో చిలకకు తరువాత రెండవది. దాని దక్షిణ ముఖమున, పళవేర్కాడు చెంత, బెస్తపల్లెలలో పాడు అను నొక పాతకట్టుబాటు గలదు. రొయ్యలు దొరకు మేలైన తావులు కొన్నియే. వానిలో వలలు నాటు హక్కును కులకట్టులోని కుటుంబములకు చీట్లు వేసి, దినములవారీగ పంచుదురు. నేడు మేలైన తావు దొరికినవానికి రేపు తక్కువ తావు దొరకును. కొన్ని కులములను, స్త్రీలను ఈ కట్టుబాటు వెలుపల నుంచినదను విమర్శ న్యాయమైనదే. అయినను సముద్రపుటొడ్డున కాలమును పంచుకొను విద్యలో ఆ వలకాండ్రు స్విట్జర్లాండువారికి శిష్యులు కారు.

తీరము నెవరు కొనగలరు? కేంద్రప్రభుత్వము 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటన గావించి, 2011లోను 2019లోను దానిని సవరించినది. 2019 ప్రకటన ననుసరించి పల్లెతీరములలో పోటునీటి గీతనుండి 200 మీటర్లవరకు, జనసాంద్రత మిక్కిలిగా నున్న పల్లెలలో 50 మీటర్లవరకు క్రొత్త పక్కా కట్టడములు నిషిద్ధములు. విహారులకై తాత్కాలిక పాకలు మొదలగువానికి మాత్రము అనుమతి కలదు. కావున ఎవడైనను కెరటములు తగులు గదిని మీకు పాతికేండ్లు రాసియిత్తునన్నచో, మొదట అడుగవలసినది ఆ గది నిలిచిన నేల యే హద్దులో నున్నదని.

ఇసుకనేలమీది కాగితములను గూర్చి మన సీమకు పాత అనుభవము గలదు. తూపిలిపాలెమునకు చేరువనున్న దుగరాజపట్నమున 1626లో ఇంగ్లీషు కంపెనీ వర్తకస్థానము పెట్టెను. 1639లో దామెర్ల వేంకటాద్రినాయకుడు దక్షిణమున మరియొక ఇసుకతీరమును ఆ కంపెనీకి అనుగ్రహించెను. అది నేటి చెన్నపట్టణము. ఇచ్చినవానికి తానేమి యిచ్చుచున్నాడో తెలియదు, పుచ్చుకొన్నవానికి తెలియును. ఏ ఒప్పందములోనైనను ఈ భేదమే ప్రమాదకరము.

లెక్క యొకటి

మా పాఠకులు లెక్కకు వెరవరు. ఉదాహరణమునకు ఒక కుటుంబము 4 లక్షల రూపాయలకు పాతిక సంవత్సరముల సభ్యత్వము కొన్నదనుకొందము. ఏటా ఏడు దినములు; మొత్తము 175 దినములు. నిర్వహణ రుసుము ఏటా 15,000 రూపాయలు, ఎన్నడును పెరుగదనియే అనుకొందము. పాతికేండ్లకు రుసుము 3,75,000. రెండును కలిపి 7,75,000. దినమునకు 4,400 పైచిలుకు.

అమ్మువారు ఇచ్చటికే లెక్క నాపుదురు. కాని ఆ 4 లక్షలను బ్యాంకులో నూటికి ఏడు వడ్డీకి వేసినచో ఏటా 28,000 రూపాయలు వచ్చును, అసలు పోదు. ఆ వడ్డీయు, రుసుమును కలిపి 43,000. దీనిని ఏడు దినములకు పంచినచో దినమునకు 6,100 పైమాటయే. ఆ సొమ్ముతో ఏ సముద్రతీరమునందైనను మంచిహోటలులో గది దొరకును. నచ్చనిచోటికి మరల వెళ్లనక్కరలేదు. ప్రయాణము, భోజనము పై లెక్కలో చేరలేదు. పరీక్షలవలనో, పంటకోతవలనో, ముసలితల్లి జబ్బువలనో వెళ్లలేని యేడు వచ్చినచో దినపు వెల యింకను హెచ్చును.

ఈ లెక్క కొనవలదని చెప్పుటకు కాదు. ఏటేటా తప్పక వెళ్లు అలవాటుగలవారు, పెద్దకుటుంబముతో వంటగదిగల విడిది కోరువారు, నియమముగ ముందే గది నిశ్చయించుకొనగలవారు దీనివలన లాభపడుటయు కలదు. చేతిలో నున్న సొమ్మును, నిండిన వరుసయాత్రల ఆచారమును ముందు చూచుకొని, తరువాత సంతకము చేయవలెను. సంతకము చేసినపిమ్మట ఆచారము దానంతట నదియే పుట్టునని నమ్మరాదు.

చట్టము చేయవలసినది

యూరపు ప్రభుత్వములు ఈ వ్యాపారపు లోపములను ముందే గుర్తించినవి. 1994లో యూరోపియను యూనియను టైంషేరుమీద ప్రత్యేకశాసనము చేసెను. 2008లో దానిని మార్చి, కొన్నవాడు 14 దినములలోపల కారణము చెప్పకయే రద్దుచేసికొను హక్కు నిచ్చెను. ఆ గడువులో ముందస్తు సొమ్ము వసూలుచేయరాదని నిషేధించెను. విందుభోజనము వేడి చల్లారి, ఇంటికి వచ్చి లెక్క వేసికొనుటకు ఆ పదునాలుగు దినములు చాలును.

మన దేశమున దీనికి ప్రత్యేక చట్టము లేదు. మోసపోయినవానికి 1986 నాటి వినియోగదారుల రక్షణచట్టమును, దాని స్థానమున వచ్చిన 2019 చట్టమునే దిక్కు. జిల్లా కమీషన్లలో కేసు వేయవచ్చును. 1915 అను ఫోను సంఖ్యకు ఫిర్యాదు చేయవచ్చును. విడిది రాత్రుల పేరిట ప్రజలవద్ద పెద్దమొత్తములు వసూలుచేసి, విహారము చేయనివారికి సొమ్ము పెంచి తిరిగియిత్తునన్న ముంబయి క్లబ్బొకటి నడపునది పెట్టుబడి పథకమేయని 2015లో సెబీ తేల్చి, సొమ్ము తిరిగియిమ్మని ఆజ్ఞాపించెను. క్రొత్తగ చేరువారి సొమ్మే పాతవారి ఫలమైనచోట కాలువయు లేదు, పంటయు లేదు.

కావున ప్రభుత్వము చేయవలసిన పనులు మూడు మాకు తోచుచున్నవి. ఒకటి, విడిదివంతు ప్రతి అమ్మకమునకును పదునాలుగు దినముల రద్దు గడువు. రెండు, సంస్థకు గల గదులెన్ని, అమ్మిన వంతులెన్ని అను లెక్క ఏటా బహిరంగముగ ప్రకటించు విధి. గదులకు మించి వంతులు అమ్మినవాడు శిక్షార్హుడు కావలెను. మూడు, సభ్యుల ప్రతినిధులు నిర్వహణ రుసుము లెక్కలు చూచు హక్కు. బావి పూడిక ఖర్చు దాయాదులు కలిసి చూచుకొనినట్లే ఇదియు.

మన తీరమును గూర్చి నాల్గవది యొకటి కలదు. తూపిలిపాలెముననైనను, మరియెచ్చటనైనను విడిదికి అనుమతి నిచ్చునపుడు పడవలు లాగు తావు, వలలు ఆరవేయు తావు, బెస్తవారు నీటికి దిగు దారి ముందు గుర్తించి పటములో నెక్కింపవలెను. విడిదిలో ఏడుదినములు గడుపువానికి సముద్రము విహారము. మిగిలిన మున్నూటయేబది యెనిమిది దినములు అది ఒకని జీవనము.

కొనదలచిన పాఠకులు ఈ ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని వెళ్లవలెను. నేల యెవరిది? సంస్థ మూతబడినచో మా వంతు ఏమగును? కోరిన మాసమున గది దొరకనిచో పరిహారమేమి? రుసుము ఏటికెంతవరకు పెంచవచ్చును? వెళ్లలేని యేటి దినములు మరుసటి యేటికి చేరునా? విడువదలచిన సొమ్మెంత తిరిగివచ్చును? మా పిల్లలకు సంక్రమించునది హక్కా, అప్పా? నోటిమాటగ వచ్చిన ప్రతి సమాధానమును ఒప్పందములో చూపుమని అడుగవలెను. చూపలేనిచోట భోజనము చేసి, కానుక పుచ్చుకొనకయే, ఇల్లు చేరుట మర్యాద.